వేరుసెనగకు బూజు: రాకుండా కాపాడుకొనుట ఎట్లు?



ఈనాడు మీతో బూజును గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. బూజు అంటే ఎరుగనివారు ఎవరూ లేరు. ముసురు పట్టిన రోజులలో జొన్నరొట్టె మీదా, బుట్టలోని ఎండుమిరపకాయల మీదా, మూత వదులైన పచ్చడి జాడీలోనూ అది ప్రతి ఇంట్లో కనిపించేదే. పైపైన తీసివేసి మిగిలినది వాడుకోవడం కూడా మనకు అలవాటే. అయితే బూజులన్నీ ఒక్క తీరువి కావు. వేరుసెనగ గింజకు పట్టే ఒకానొక బూజు విషాన్ని తయారుచేస్తుంది. బూజును తుడిచినా, గింజను కడిగినా, మళ్ళీ ఎండబెట్టినా, వేయించినా ఆ విషం పూర్తిగా పోదు.

రాయలసీమలో బుడ్డలన్నా, తెలంగాణలో పల్లీలన్నా పంట ఒక్కటే. ఇది మన చేతికి రొక్కం తెచ్చే పంట. మన పిల్లలు తినే తిండి. దీని చెక్క పాడిపశువుల దాణా, దీని కట్టె వాటి మేత. కనుక దీనిలో చేరిన విషం ఒకచోట ఆగదు, ఇంటిల్లిపాదినీ చుట్టి వస్తుంది. దానిని ఆపగలిగిన రోజులు మాత్రం కొద్దిగానే ఉన్నవి. కట్టె పీకిన నాటి నుండి కాయ బస్తాకు ఎక్కే నాటి వరకు గల వారం పది రోజులే ముఖ్యమైనవి. ఆ రోజులలో ఏమి చేయవలెనో, ఎందుకు చేయవలెనో వివరిస్తాను.

బూజు స్వభావం

బూజు పచ్చని మొక్కవంటిది కాదు. తన ఆహారాన్ని తాను తయారుచేసుకోలేదు. ఇతర పదార్థాల మీద చేరి, వాటిని కరిగించి, ఆ సారాన్ని పీల్చి బ్రతుకుతుంది. మన కంటికి కనిపించే పచ్చని పొడి దాని బీజాలు మాత్రమే. అసలు బూజు సాలెపోగులకంటే సన్నని దారాలుగా లోపలికి పాకి ఉంటుంది. పొలంలో తుంగను పైన కోసినంత మాత్రాన నేలలోని గడ్డ పోనట్లే, పైపొడి దులిపినంత మాత్రాన లోపలి దారాలు పోవు.

దీని బీజాలు ఎంత చిన్నవంటే, వెయ్యింటిని వరుసగా పేర్చినా అర సెంటీమీటరు దాటదు. అవి గాలిలో ఉన్నవి, మట్టిలో ఉన్నవి, పాత గోనెసంచులలో ఉన్నవి. వాటిని పూర్తిగా లేకుండా చేయడం మన వల్ల కాదు. అవి మొలకెత్తకుండా చూడడం మాత్రం మన చేతిలో ఉన్నది.

వేరుసెనగను పాడుచేసే బూజులలో ముఖ్యమైన దానిని శాస్త్రజ్ఞులు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అంటారు. ఇది పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటుంది. ఆ పేరులోని మొదటి అక్షరాలు కలిపి, ఇది తయారుచేసే విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టినారు.

ఈ విషం సంగతి ఎట్లా తెలిసినది?

1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్ళు మందలు మందలుగా చనిపోయినవి. కొద్ది నెలలలోనే లక్షకు పైగా చచ్చినవి. మొదట ఏ అంటురోగమో అనుకొన్నారు, కాని రోగక్రిమి ఏదీ దొరకలేదు. చివరకు ఆరా తీయగా, ఆ కోళ్ళ దాణాలో బ్రెజిలు దేశంనుండి వచ్చిన వేరుసెనగ చెక్కపొడి ఉన్నట్లు, దానిలో ఈ బూజు విషం ఉన్నట్లు బయటపడినది.

అది ఎక్కడో కోళ్ళకు జరిగినదని కొట్టివేయడానికి వీలులేదు. 1974 చివరలో మన దేశంలోనే, గుజరాతులోని పంచమహల్, రాజస్థానులోని బాంస్వాడా ప్రాంతాల పల్లెలలో జనానికి కామెర్లు వచ్చి, కడుపులో నీరు చేరి, నూరుమందికి పైగా మరణించినారు. వారు తిన్నది వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న. ఆ ఇండ్లలో అదే తిండి తిన్న కుక్కలు సైతం జబ్బుపడి చచ్చినవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడ పరిశోధన చేసి, ఈ విషమే కారణమని తేల్చినారు.

విషం ఎక్కువగా ఒక్కసారి లోపలికి పోతే కాలేయం వెంటనే దెబ్బతింటుంది. కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి పోతే పైకి ఏమీ తెలియదు గాని, కాలేయానికి కాన్సరు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. హెపటైటిస్-బి కామెర్లు సోకినవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1987లో అఫ్లాటాక్సిన్లను మనుష్యులకు కాన్సరు కలిగించే పదార్థాల జాబితాలో చేర్చినది.

ఈ విషానికి రంగు లేదు, వాసన లేదు. బూజు కనిపిస్తే అనుమానించవలసినదే. కనిపించకపోయినంత మాత్రాన విషం లేదనుకోరాదు. బూజు చచ్చిన తరువాత కూడా అది చేసిన విషం గింజలోనే ఉండిపోతుంది.

బూజుకు కావలసినవి నాలుగు

బూజు పెరగడానికి ఆహారం, వెచ్చదనం, గాలి, తేమ అనే నాలుగూ కావలెను. వీటిలో ఏవి మన అదుపులో ఉన్నవో చూడండి.

ఆహారం గింజే గనుక దానిని తీసివేయలేము. వెచ్చదనం విషయానికి వస్తే, ఈ బూజు 25 నుండి 35 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య చక్కగా పెరుగుతుంది. మన ప్రాంతంలో సంవత్సరంలో చాలా భాగం అటువంటి వేడే ఉంటుంది. గాలి చొరని సంచులు వాడితే కొంత మేలు ఉన్నది, దానిని గురించి తరువాత చెబుతాను. ఇక మిగిలినది తేమ. బూజుకు మనం అందకుండా చేయగలిగినది ముఖ్యంగా ఇదే. కాయను త్వరగా, చాలినంతగా ఆరబెట్టితే, బీజాలు దాని మీద ఎన్ని ఉన్నా నిద్రపోతూనే ఉంటవి.

వేరుసెనగ వడ్లవంటిది కాదు

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించవలెను. వడ్లను 13, 14 శాతం తేమ వరకు ఆరబెట్టితే నిల్వ ఉంటవి. అదే లెక్క వేరుసెనగకు పెట్టుకొంటే మోసపోతాము. వేరుసెనగ గింజలలో 7 శాతం, కాయలలో 8 శాతానికి మించి తేమ ఉండరాదు.

ఎందుకని అడుగుతారేమో. నూరు కిలోల గింజలలో సుమారు 48 కిలోలు నూనే ఉంటుంది. నూనెకు, నీటికి పొసగదు గదా! అందువల్ల గింజలోని నీరంతా మిగిలిన 52 కిలోల పిండి భాగంలోనే చేరుతుంది. 7 కిలోల నీరు 52 కిలోలలో చేరితే నూటికి 13 వంతులకు పైగా అయినట్లే. అంటే 7 శాతం తేమ గల వేరుసెనగ, 13 శాతం తేమ గల వడ్లు బూజు దృష్టిలో సమానం. 10 శాతం ఉన్నదిలే, వడ్లకంటే ఎండుగానే ఉన్నదిగదా అని బస్తాలకు ఎత్తిన రైతు, నిజానికి పచ్చి వడ్లను ఎత్తినట్లు లెక్క.

కట్టె పీకిన రోజున కాయలో సుమారు 40 శాతం తేమ ఉంటుంది. అటువంటి నూరు కిలోల పచ్చికాయ 8 శాతానికి రావలెనంటే దానినుండి ఇంచుమించు 35 కిలోల నీరు ఆవిరైపోవలెను. ఆ నీరు ఎంత తొందరగా పోతే బూజుకు అంత తక్కువ వ్యవధి దొరుకుతుంది.

జాగ్రత్త పొలంలోనే మొదలు

ఈ బూజు మట్టిలో ఉండేది, కాయ పండేదీ మట్టిలోనే. కనుక పీకకముందే అది కాయలో చేరవచ్చు. ముఖ్యంగా పంట చివరి మూడు, నాలుగు వారాలలో వాన ముఖం చాటేసి, నేల వేడెక్కినప్పుడు, కాయ తన సహజమైన రక్షణశక్తిని కోల్పోతుంది. వర్షాధారపు పంటకు ఈ బెడద ఎక్కువ. నీటి వసతి ఉన్నవారు ఆ సమయంలో ఒక్క తడి ఇచ్చినా చాలా మేలు.

పూతదశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోసినట్లయితే, అందులోని కాల్షియం వల్ల కాయ బాగా ఊరి, పైపెంకు గట్టిపడుతుంది. ఊడలు దిగిన తరువాత అంతరకృషి చేయరాదు. గుంటక తగిలి గాయపడిన కాయ, చెదలు గాని వేరుపురుగు గాని కొరికిన కాయ బూజుకు తెరచిన తలుపువంటివి.

నూటికి 75, 80 కాయలు ముదరగానే పీకవలెను. కాయను వొలిచి చూస్తే పెంకు లోపలి వైపు నల్లబడి ఉండడమే ముదిరినందుకు గుర్తు. ఇంకా ఊరుతుందని ఉంచితే కాయ నేలలో పగులుతుంది, ఊడ తెగి కొంత మట్టిలోనే ఉండిపోతుంది.

పీకిన తరువాత

కట్టె పీకి, మట్టి దులిపి, కాయలు పైకి ఎండ తగిలేట్లు, ఆకు నేలమీద ఉండేట్లు బోర్లించి పలుచని ఓదెలుగా వేయవలెను. కాయలు నేలకు తగిలేట్లు వేస్తే కింది తేమ వదలదు. ఇట్లా రెండు మూడు రోజులు ఎండిన తరువాత కాయలు వేరుచేయవలెను. పచ్చి కట్టెను వామి వేయడం కంటే చెడ్డ పని లేదు. వామి నడుమ గాలి ఆడదు, వేడి పుడుతుంది, తేమ పోదు. బూజుకు కావలసినవన్నీ మనమే అమర్చిపెట్టినట్లు అవుతుంది.

వేరుచేసిన కాయలను టార్పాలిన్ మీద గాని, శుభ్రమైన కళ్ళంలో గాని పలుచగా పరచి, రోజుకు నాలుగైదు సార్లు తిరగవేయవలెను. పొద్దు వాలకముందే పోగుచేసి కప్పవలెను. రాత్రి మంచు పడితే పగలంతా పడిన శ్రమ వృథా. పగిలినవి, పురుగు తొలిచినవి, రంగు మారినవి, బూజుపట్టినవి ఏరి వేరుగా పెట్టవలెను. పంట తీసిన చేనిలో తవ్వి ఏరిన పరిగ కాయలను ఎట్టి పరిస్థితులలోనూ మంచి కాయలలో కలపరాదు. అవి ఎక్కువ రోజులు మట్టిలో ఉన్నవి గనుక వాటిలో బూజు అవకాశం అన్నింటికంటె ఎక్కువ.

ఆరినదీ లేనిదీ తెలుసుకొనుటకు తేమ కొలిచే మీటరు ఉంటే మంచిదే. లేనివారు ఇట్లా చూడవచ్చు. కాయను చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమనవలెను. గింజను వేళ్ళ మధ్య నలిపితే పైపొర సులభంగా ఊడి రావలెను. కొరికితే సాగకుండా ఫెళుక్కున విరగవలెను. ఈ పరీక్షను పైనున్న కాయలతో కాక, పోగు నడుమనుండి తీసిన కాయలతో చేయవలెను.

విత్తనానికి ఉంచుకొనే రబీ పంట విషయంలో మరొక జాగ్రత్త ఉన్నది. ఏప్రిల్, మే నెలల నడిఎండలో సిమెంటు కళ్ళం మీద పరిస్తే మొలకశక్తి చెడుతుంది. అటువంటి కాయలను గాలి ధారాళంగా ఆడే నీడలో ఆరబెట్టవలెను.

వాన పట్టినప్పుడు

ఖరీఫు పంట పీకేది అక్టోబరు, నవంబరు నెలలలో. ఈశాన్య ఋతుపవనాలు, బంగాళాఖాతపు వాయుగుండాలు వచ్చేదీ అప్పుడే. రేడియోలోనో, ఫోనులోనో వాన సూచన విన్న తరువాత, పంట ముదరడానికి నాలుగు రోజులు అటూ ఇటూ ఉంటే, ఆగడమే మేలు. పీకిన తరువాత వాన వస్తే, తడిసిన ఓదెలను వాన వెలియగానే తిరగవేసి దులపవలెను. ముసురు విడవకపోతే కాయలు కోసి, పంచలో గాని కొట్టంలో గాని పలుచగా పరచి, గాలి తగిలేట్లు చేయవలెను. కరెంటు ఉంటే ఫ్యాను పెట్టవచ్చు. ఎండ లేకపోయినా గాలి కూడా తేమను తీసుకొనిపోతుంది. తడిసిన కాయలను తడవని కాయలలో కలపరాదు.

నిల్వ చేయునప్పుడు

వేరుసెనగను గింజలుగా కాక కాయలుగానే నిల్వచేయవలెను. పెంకే దానికి కవచం. బస్తాలను నేలమీద గాక చెక్కబల్లల మీద, గోడకు జరిపి పేర్చవలెను. పాత సంచులైతే శుభ్రపరచి, బాగా ఎండబెట్టి వాడవలెను. ఇంటికప్పు కారకుండా చూచుకోవలెను. ఒక్క మూల తడిసినా ప్రమాదమే. ఎందుకంటే బూజు కూడా ఊపిరి తీస్తుంది, ఆ ఊపిరితో నీటిని, వేడిని పుట్టిస్తుంది. ఆ తేమ పక్క కాయలకు ప్రాకి, అక్కడ బూజును లేపుతుంది. కాయలను తొలిచే పుచ్చు పురుగులు చేసేదీ ఇదే పని.

మూడు పొరలుగా వచ్చే గాలిచొరని సంచులు ఇప్పుడు దొరుకుతున్నవి. అవి మంచివే. కాని బాగా ఆరిన కాయలకు మాత్రమే. పచ్చి కాయలను వాటిలో కట్టితే తేమను లోపల బంధించినట్లు అవుతుంది.

మరొక దురలవాటు ఉన్నది. యంత్రంలో కాయ వొలిచేటప్పుడు గింజ విరగకుండా ఉండటానికి కాయలమీద నీళ్ళు చల్లుతారు. వారాల తరబడి ఆరబెట్టి కాపాడిన దానిని ఒక్క పూటలో పాడుచేసుకోవడమే ఇది. నీళ్ళు చల్లి వొలిచిన గింజలను వెంటనే ఆరబెట్టకుండా బస్తా కట్టరాదు. అసలు చల్లకపోవడమే ఉత్తమం.

తూకం తగ్గదా?

'అయ్యా, ఆరబెట్టితే తూకం తగ్గుతుంది. తగ్గినంత ధర పెరుగుతుందా?' అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 12 శాతం తేమ ఉన్న క్వింటాలు కాయ 8 శాతానికి వస్తే, నాలుగు కిలోలకు పైగా తూకం పోతుంది. ప్రతి సంతలోనూ ఆ నష్టానికి సరిపడే ధర వెంటనే దక్కుతుందని నేను చెప్పను.

కాని రెండు విషయాలు ఆలోచించండి. మొదటిది, ఎగుమతి సంగతి. నేరుగా తినే వేరుసెనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకంటె ఎక్కువ అఫ్లాటాక్సిన్ ఉంటే ఐరోపా దేశాలు తీసుకోవు. మన దేశంలో తినడానికి సిద్ధంచేసిన గింజలకు 10, ఇంకా శుద్ధి చేయవలసిన వాటికి 15 మైక్రోగ్రాములు హద్దు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షల వంతు. బాగా విషమెక్కిన ఒక్క గింజ ఒక్కొక్కప్పుడు బస్తా మొత్తాన్ని ఈ హద్దు దాటించగలదు. ఒకరి బస్తా వల్ల ఊరి సరకంతా వెనక్కు రావచ్చు. రెండవది, మనం పండించినదంతా సంతకు పోదు. విత్తనానికి కొంత, ఇంటికి కొంత ఉంచుకొంటాము. నాలుగు కిలోల నీటిని తూకానికి అమ్ముకోవచ్చునేమో గాని, ఇంట్లో ఉంచుకొన్న పచ్చి కాయను తినేది మన బిడ్డలే.

పది మంది రైతులు కలిసి టార్పాలిన్లు, ఒక తేమ మీటరు కొనుక్కొంటే ఖర్చు ఒక్కరిమీద పడదు. తేమ కొలిచి చూపించి బేరమాడే బలమూ వస్తుంది.

ఏరివేసిన గింజలు ఎవరి పాలు?

ఇది అన్నింటికంటె ముఖ్యమైన మాట. ఏరివేసిన గింజలను మనం ఏమి చేస్తున్నాము? మంచివి సంతకు, ముడుచుకొన్నవి, రంగు మారినవి ఇంటికి అన్న అలవాటు ఎన్నో కుటుంబాలలో ఉన్నది. పొడిలోనో, పచ్చడిలోనో కారం కింద ఆ చేదు తెలియదు. కొందరు కోళ్ళకు వేస్తారు. కోడిపిల్లలు, బాతుపిల్లలు ఈ విషానికి త్వరగా లొంగిపోతవి. గుడ్లు పెట్టే కోళ్ళలో గుడ్లు తగ్గుతవి.

మరికొందరు గానుగకు పంపుతారు. గానుగ ఆడినప్పుడు విషంలో ఎక్కువ భాగం చెక్కలో నిలిచిపోతుంది, కొంత నూనెలోనూ వస్తుంది. మిల్లులో శుద్ధిచేసిన నూనెలో అది దాదాపు పూర్తిగా పోతుంది గాని, గానుగనూనెకు ఆ శుద్ధి లేదు. చెక్కను పాడిగేదెకు పెడితే ఒకటి రెండు రోజులలోనే విషంలో కొద్ది భాగం రూపుమారి పాలలోకి వస్తుంది. అందుకే మన దేశంలో పాలకు కూడా కిలోకు 0.5 మైక్రోగ్రాము అని హద్దు పెట్టినారు. పాలు కాచినా అది పోదు. ఆ పాలు తాగేది ఎక్కువగా పసిపిల్లలు గదా! బూజుపట్టిన కట్టెను కూడా పశువులకు వేయరాదు.

చెడిన గింజలను కాల్చివేయండి. పండించిన చేతులతో పారవేయడం కష్టమే. కాని ఆ దోసెడు గింజలను ఎవరికి పెట్టినా, తిరిగి తిరిగి అవి మన కంచంలోకే వస్తవి.

వంటింటిలో

అమ్మలారా, అక్కలారా! వంటకు తీసిన గింజలను ముందు పళ్ళెంలో పోసి ఏరండి. ముడుతలు పడినవి, నల్లబడినవి తీసివేయండి. అనుమానమున్న గింజను రెండు బద్దలుగా చీల్చి చూడండి. బూజు నడుమ దాగి ఉండవచ్చు. నోటికి చేదు తగిలిన గింజను మింగక ఉమ్మివేయండి. పొడి కొట్టి నెలల తరబడి ఉంచడం కంటే, గింజలు ఉంచుకొని కావలసినప్పుడు కొద్దిగా కొట్టుకోవడం మంచిది.

తక్కిన పదార్థాలకూ సూత్రం ఇదే. ఆవకాయ ఏడాదంతా ఎందుకు నిలుస్తుంది? అందులోని ఉప్పు నీటిని బూజుకు దక్కకుండా పట్టి ఉంచుతుంది, పైన తేలిన నూనె గాలిని ఆపుతుంది. తడి గరిటె పెట్టినా, నూనె తగ్గి ముక్క పైకి తేలినా బూజు వస్తుంది. వడియాలు, అప్పడాలు, ఎండుమిరప నిలిచేది కూడా నీరు పోయినందువల్లనే. బూజుపట్టిన రొట్టెను ఆ మేరకు తుంచివేసి మిగతాది తినడం మంచిది కాదు. దారాలు కంటికి కనపడినంత మేరకే ఆగి ఉండవు.

చెప్పినదంతా ఆరు మాటలలో:

1. చివరి నెలలో పంట ఎండిపోకుండా చూడండి. ముదరగానే పీకండి.
2. కాయలు పైకి ఉండేట్లు ఓదెలు వేయండి. పచ్చి కట్టెను వామి వేయకండి.
3. కాయ 8 శాతం తేమకు వచ్చేవరకు ఆరబెట్టండి. వడ్ల లెక్క దీనికి పనికిరాదు.
4. తడిసినవి, గాయపడినవి, పరిగవి మంచి కాయలలో కలపకండి.
5. కాయగానే నిల్వచేయండి. నీళ్ళు చల్లి వొలవకండి.
6. చెడిన గింజను మనిషికి గాని, పశువుకు గాని, గానుగకు గాని పోనీయకండి.

వచ్చే కోతకు ముందే టార్పాలిన్లు, శుభ్రమైన సంచులు, బస్తాల కింద వేసే చెక్కబల్లలు సిద్ధం చేసుకోండి. వాన మబ్బు కనిపించిన తరువాత వెదుకులాడితే అవి దొరకవు.